టైంకీపరు నడక

పేపర్లో ఫోటో మాత్రం పాతదే వేశారు, పోనీలే, అదీ ఒకందుకు మంచిదే, అందులో మాస్టారి నోరు తిన్నగా ఉంది, చేతిలో కర్ర లేదు, జుట్టు సగమైనా నల్లగానే ఉంది, ఎవరైనా ఏదైనా అడిగితే జవాబు చెప్పేముందు ఒక నవ్వు నవ్వేవారే, ఆ నవ్వు మధ్యలో తీసిన ఫోటో, ఎవరు తీశారో, తనే తీసిందేమో కూడా, అనుకుంటూ ఆమె రెండో అంతస్తు మలుపులో ఆగిపోయింది, ఆయాసం వచ్చి కాదు, పైన తలుపు తీసే ఉంది, కుర్చీలు జరుపుతున్న చప్పుడు వినిపిస్తోంది, లిఫ్టు పాడైందని కింద వాచ్‌మన్ చెప్పినప్పుడు ప్రాణం లేచొచ్చినట్టయింది, మెట్లెక్కి వెళితే ఇంకాస్త ఆలస్యంగా చేరొచ్చు కదా, మాస్టారు మొన్న పోయారు, నిన్న మధ్యాహ్నానికల్లా జరగాల్సినవన్నీ జరిగిపోయాయి, అక్కడ జనంలో వెనకెక్కడో నిలబడి ఎవరి కంటా పడకుండా వచ్చేసింది, ఇవాళ మాత్రం మాస్టారి ఇంటికి వెళ్లక తప్పదు, ఎందుకు తప్పదంటే పొద్దున పేపర్లో సగం పేజీ ఆమె రాసిన వ్యాసం వచ్చింది, మా మాస్టారు అని పెద్దక్షరాలతో, లేచిన దగ్గర్నుంచి ఫోను చెవి దగ్గర్నుంచి తీస్తే ఒట్టు, చదివితే కళ్లనీళ్లు ఆగలేదమ్మా అని ఒకరు, శిష్యురాలంటే నువ్వేనమ్మా అని ఇంకొకరు, భర్తయితే పళ్లు తోముకుంటూ బ్రష్షు నోట్లో ఉండగానే, ఇంత బాగా రాయడం నీకెప్పుడొచ్చిందే అన్నాడు, ఒక్క పూటలో ఎలా రాశావు అన్నాడు, ఆమె టీ వడగడుతూ ఊఁ అంది, అంతే, ఊఁ అని ఊరుకుంది, ఆ ఊఁ ఇప్పుడు మెట్ల మీద ఆమె వెంట పడింది, ఎందుకంటే అది ఒక్క పూటలో రాసింది కాదు, మాస్టారు పోయాక రాసింది అసలే కాదు, ఆయన ఇంకా ఊపిరి పీలుస్తూ ఉండగా రెండేళ్ల కిందట రాసి పెట్టింది.

పేపర్ల వాళ్లకి ఇది మామూలేనట, పెద్దవాళ్లు మంచాన పడితే ముందే రాయించి పెట్టుకుంటారట, డెడ్‌లైన్ చెప్పాడు, డెడ్‌లైన్ అంటే ఎమ్మేలో ఆమె క్లాస్‌మేటు, ఆ రోజుల్లో ఒక్క వ్యాసమూ గడువులోగా ఇచ్చి ఎరగడు, మాస్టారే పెట్టారు ఆ పేరు, ఇప్పుడు వాడు పేపరాఫీసులో కూర్చుని అందరి పీకల మీదా గడువులు పెడుతున్నాడు, మాస్టారు ఒకసారి పేరు పెట్టారంటే ఇక జన్మకి ఊడదు, ఆమెని ఫుట్‌నోటూ అనేవారు, వాక్యానికో ఆధారం కింద అతికిస్తుందని, ఇంట్లో గొడవ పడ్డా కింద ఫుట్‌నోటు రాస్తావేమే అని ఏడిపించేవారు, అలాంటి మనిషి ఆ రోజు పక్షవాతం కొట్టి ఆస్పత్రిలో ఒళ్లు తెలియకుండా పడి ఉంటే డెడ్‌లైన్ ఫోన్ చేసి, తప్పుగా అనుకోకు, రేపో మాపో అంటున్నారు, ఒక వ్యాసం రాసి ఉంచు, నువ్వు తప్ప ఎవరు రాస్తారు అన్నాడు, ఆమె ముందు తిట్టింది, ఫోను పెట్టేసింది, తర్వాత డిపార్ట్‌మెంటులో తన గది తలుపేసుకుని కూర్చుని రాసింది, ఏడుస్తూ రాసింది, ఏడుపు నిజమే, కానీ ఏడుస్తూనే వాక్యాలు సర్దుకుంది, ఉండేవారు, చెప్పేవారు, నేర్పారు అని బతికున్న మనిషిని మాట మాటకీ గతంలోకి తోసేసింది, ఒకచోట అనేవారు అనాలా అంటుండేవారు అనాలా అని పెన్ను ఆపి ఆలోచించింది కూడా, రాసింది మొదటి నుంచీ చదువుకుంటే జీవితంలో ఇంత మంచి ముక్క ఇంకోటి రాయలేదనిపించింది, కాస్త సంతోషం కలిగింది, అవును సంతోషమే, దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు, తీరా వారం తిరక్కుండా మాస్టారు కళ్లు తెరిచారు, కుడి చెయ్యి పడిపోయింది, కుడి కాలు ఈడుస్తోంది, నోరు ఒక పక్కకి లాగేసింది, అయినా మనిషి దక్కాడు, ఆమె పళ్లు పట్టుకుని చూడ్డానికి వెళితే ఆ వంకర నోటితోనే, ఏవే ఫుట్‌నోటూ, బతికే ఉన్నానే అన్నారు, ఆయన మామూలుగానే అన్నారు, ఆమెకి మాత్రం దొంగసొత్తుతో దొరికిపోయినట్టయింది, ఆ గొంతు ఇక వినబడదు అని తను రాసిన గొంతే అది, మంచం పక్క స్టూలు మీద కూర్చున్నంతసేపూ ఆయన ఏమన్నా అది వ్యాసంలో ఉన్న మనిషికి అతుకుతోందా లేదా అని చూసుకుంటూ కూర్చుంది, ఆ తర్వాత మళ్లీ వెళ్లలేదు, మొహం చెల్లక వెళ్లలేదని తనలో తను చెప్పుకుంది, బయటికి చెప్పడానికి పరీక్షలు, పేపర్లు దిద్దడాలు, పిల్లాడి చదువు, అత్తగారి మోకాళ్లు, కారణాలకేం కరువు, నిన్న అక్కణ్నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుండగా మళ్లీ డెడ్‌లైన్ ఫోను, మన దగ్గరున్నదే వేసెయ్యనా, ఈ రెండేళ్ల సంగతులేమైనా కలుపుతావా, సాయంత్రం దాకా టైముంది అన్నాడు, వాడి జన్మలో మొదటిసారి వాడు ఒకరికి టైమిచ్చాడు, ఆమే వద్దంది, ఏముంటాయిరా కలపడానికి, ఇంట్లో కూర్చున్న మనిషి, ఏం చేసుంటారు పాపం, ఉన్నదున్నట్టు వేసెయ్ అంది.

గుమ్మం దాటగానే ముందు పుస్తకాల వాసన తగిలింది, తర్వాత మనుషులు కనిపించారు, పాత విద్యార్థులు కొందరు, పక్క ఫ్లాట్ల వాళ్లు, డిపార్ట్‌మెంటులో ఆమె కింద పనిచేసే జూనియర్ లెక్చరరు, ఇతన్ని జూనియరనే అంటారందరూ, నాలుగు గోడల్లో మూడు గోడలకి పైకప్పు దాకా పుస్తకాలే, నాలుగో గోడకి మిల్లు ప్రాంతం మ్యాపు, అంచులు చిరిగి టేపు అతికించింది, బల్ల మీద ఒక రబ్బరు బంతి, చేతి వ్యాయామానికి పిసికేది, దాని మీద ఇంకా వేళ్ల గుంటలు ఉన్నాయేమోనని ఆమె పిచ్చిగా చూసింది, అమ్మగారు, అంటే మాస్టారి భార్య, కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు, స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, ఏ మాటా వృథా చెయ్యరు, ఆమెని చూసి చెయ్యి చాపి, రామ్మా, ఇక్కడ కూర్చో అని తన పక్క కుర్చీ చూపించారు, అంత మామూలుగా, రెండేళ్లూ ఏమైపోయావు అని ఒక్క మాట అంటే బాగుండును, తిడితే ఇంకా బాగుండును, వచ్చి కూర్చుంటే ఆ అరచెయ్యి ఆమె చేతి మీద పడింది, వెచ్చగా, ఆ చేతి కింద నుంచి చెయ్యి లాక్కోవాలనిపించింది, ఈలోగా జూనియరు కుర్చీ ముందుకి జరుపుకుని, మేడం, ఆ చివరి పేరా మాత్రం అద్భుతం మేడం, అమ్మగారూ మీరు విన్నారో లేదో, ఒక్కసారి చదువుతాను అంటూ పేపరు విప్పాడు, వద్దనేలోపు మొదలెట్టేశాడు, వీడి గొంతు పెద్దది, క్లాసు చివరి బెంచీకి వినబడేలా పెంచుకున్నాడు, మిల్లు సమ్మెకి ద్రోహం చేసిందెవరో తేల్చి చెప్పింది మాస్టారే, ఆ రోజు సాయంత్రం కార్మికుల రహస్య సమావేశం సంగతి మేనేజరు బంగళాకి మోసుకెళ్లింది టైంకీపరేనని ఆయన రుజువు చేశారు, ఎన్ని విమర్శలు వచ్చినా చివరి శ్వాస వరకూ ఆ మాట మీదే నిలబడ్డారు, అని చదివి తల ఎత్తాడు, మెచ్చుకోలు కోసం, అప్పుడు చూసింది ఆమె, పుస్తకాల అర పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక అమ్మాయి, అమ్మాయంటే ముప్పై దాటే ఉంటాయి, ఒళ్లో అదే పేపరు, మడత కూడా విప్పకుండా రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నేలకేసి చూస్తోంది, ఎవరో మాస్టారి చుట్టాలమ్మాయి అనుకుంది.

ఆ వాక్యం పుట్టిన రోజు తను ఆయనతోనే ఉంది, నీళ్ల సీసా మోసింది తనే, మాస్టారి దగ్గర చరిత్ర చదువంటే లైబ్రరీలో కూర్చోడం సగమే, మిగతా సగం కాళ్లతో, జరిగిన చోటికి పోయి నడిచి చూడకుండా ఒక్క ముక్క రాసినా చింపేసేవారు, కాగితం అబద్ధం చెప్పొచ్చు గానీ దూరం చెప్పదే అనేవారు, శిష్యులంతా కాళ్లరిగేలా తిరిగారు ఆయన వెంట, అలాగే ఒక రోజు మిల్లు గేటు దగ్గర మొదలుపెట్టి కాలవ గట్టెక్కి, మేనేజరు బంగళా ఉన్న మెట్టు, చిన్న గుట్టలాంటిది, దాని మీదకి, మళ్లీ వెనక్కి క్యాంటీను దాకా నడిచారు, సమ్మె నాటి ఆ సాయంత్రం సైరన్ మోగినప్పుడు టైంకీపరు, అంటే కార్మికులు వచ్చిపోయే వేళలు రాసేవాడు, గేటు దగ్గరున్నాడు, చీకటి పడేసరికి పోలీసులు క్యాంటీన్లోకి జొరబడి నాయకుల్ని పట్టుకున్నారు, అప్పుడూ టైంకీపరు అక్కడే ఉన్నాడు, మధ్యలో అతన్ని చూసినవాళ్లు లేరు, మరి ఆ మధ్యలో వెళ్లి రావచ్చా అన్నదే ప్రశ్న, మాస్టారు అప్పటికి నలభై దాటని మనిషి, చెప్పులు టకటకలాడిస్తూ నడిచేవారు, వెనక తను పరిగెత్తేది, క్యాంటీను గోడ నీడలో ఆగి నీళ్లు తాగి మూతి తుడుచుకుని, తీరిగ్గా నడిచినా వెళ్లి రావచ్చే, రాసుకో అన్నారు, రాసుకుంది, ఆ వాక్యమే పుస్తకంలోకెళ్లింది, ఆ పుస్తకమే మాస్టార్ని మాస్టార్ని చేసింది, ఆ వాక్యం మీదే ఆమె థీసిస్ రాసింది, సొంత మనుషుల ద్రోహం అని, దాంతోనే ఉద్యోగం, దాంతోనే పుస్తకం, ఈ మధ్య ఆ పుస్తకాన్ని డిగ్రీ పిల్లలకి పాఠంగా కూడా పెట్టారు, సంగతంతా తెలిసినట్టు ఆ పిల్లలు పరీక్షల్లో రాస్తుంటారు, తీరిగ్గా నడిచినా వెళ్లి రావచ్చు అని, అందరూ రాస్తే అందరికీ మార్కులు వేస్తుంది.

చివరి శ్వాస వరకూ అని రాశావు, నీకెప్పుడు చెప్పారమ్మా ఆ మాట, అని అడిగారు అమ్మగారు, దెప్పుతున్నట్టు కాదు, లెక్క ఎక్కడ తప్పిందో చూద్దామన్నట్టు, ఆమె, అంటే, మొదటి నుంచీ ఆయన అభిప్రాయం అదే కదండీ అంది, అమ్మగారు తల ఊపి, మొదటి నుంచీ అదేలే, చివరికి కాదు, అన్నారు, ఆ తర్వాత చెప్పిన సంగతులు కూరగాయలు తెచ్చిన వరసలో చెప్పారు, ఎక్కడా గొంతు పెంచకుండా, లేచి తిరగడం మొదలెట్టాక డాక్టరు రోజూ నడవమన్నాడమ్మా, పార్కులో తిరుగుతారనుకున్నా, ఈయన ఆటో పిలిపించుకుని మిల్లు గేటు దగ్గరికి పోనిమ్మన్నారు, అక్కణ్నుంచి కర్ర పట్టుకుని మొదలు, మొదటి రోజు కాలవ దాకా కూడా పోలేకపోయారు, గట్టు మీద చతికిలబడితే నేనూ ఆటో అతనూ చెరో రెక్కా పట్టి లేపాం, ఇంకెక్కడైనా నడవండి మహానుభావా అన్నా వింటేనా, రోజూ అక్కడికే, కొన్నాళ్లకి కాలవ దాటారు, ఇంకొన్నాళ్లకి మెట్టు మొదట్లో రాయి మీద కూర్చుని పైకి చూశారు, బంగళా గోడ కనిపిస్తోంది అక్కణ్నుంచి, చూసి చూసి ఏడ్చారమ్మా, నలభయ్యేళ్ల కాపరంలో ఈయన ఏడవగా నేను చూసింది లేదు, ఏమైందండీ అంటే, వాడు కుంటివాడే, అన్నారు, నేనే రాశాను కదే, మిషన్లో పడి కాలు నలిగిందనీ, అందుకే టైంకీపరు పని ఇచ్చారనీ ఒక పేజీలో రాశాను, పక్క పేజీలో వాణ్ని తీరిగ్గా నడిపించాను, నా కాళ్లు పెట్టి నడిపించానే వాణ్ని, ఈ కాలుతో పోయి రావాలంటే ఆ టైముకి వాడు సగం దారిలో కూడా ఉండడు, అన్నారు.

ఆమె కళ్ల ముందు ఆ రెండు పేజీలూ పక్కపక్కనే విప్పినట్టు కనిపించాయి, ఎడం పేజీ చివర కాలు నలిగిన సంగతి, కుడి పేజీ మధ్యలో ఆ వాక్యం, తను ప్రూఫులు దిద్దింది, రెండో ముద్రణకి ముందుమాట రాసింది, కింద ఆధారాలు లెక్కలేనన్ని అతికించింది, క్లాసులో చదివి వినిపించింది, ఎన్ని వందల మంది పిల్లలు చదివారు, ఎంతమంది పండితులు తిట్టారు, పొగిడారు, ఒక్కళ్లూ ఆ కాలు వంక చూడలేదు, మంచి కాళ్లున్న వాళ్లందరూ కలిసి ఒక అవిటివాణ్ని మెట్టెక్కించేశారు, అమ్మగారు ఇంకా చెబుతూనే ఉన్నారు, ఆ తర్వాత ఈయన ఊరుకోలేదమ్మా, టైంకీపరు వాళ్లెవరైనా ఉన్నారేమోనని మిల్లు క్వార్టర్లన్నీ తిరిగారు, మనవరాలు కరెంటాఫీసులో పనిచేస్తుందని తెలిసి ఇంటికెళ్లారు, ఇదిగో ఈ అమ్మాయే, అని ప్లాస్టిక్ కుర్చీ వైపు చూపించారు, చుట్టాలమ్మాయి కాదు, ఆ మనిషి మనవరాలు, పొద్దున్నించి ఆ పేపరు ఒళ్లో పెట్టుకుని, జూనియరు గొంతెత్తి చదువుతుంటే ఈ గదిలోనే కూర్చుని వింది, మనవరాలు తల ఎత్తి, మొదటిసారి వచ్చినప్పుడు నేను తలుపేసేశానండీ, అంది, ఆయన పేరు చెప్పగానే మొహం మీదే వేసేశాను, ఆయన పోలేదు, మెట్ల మీద కూర్చున్నారు, మా అమ్మ చూసి పాపం పెద్దాయన, కాలు బాలేదు, లోపలికి రమ్మను అంది, ఆయనెవరో అమ్మకి తెలీదు కదా, లోపలికొచ్చి కూర్చోకుండానే, మీ నాన్న గురించి తప్పు రాసింది నేనేనమ్మా అన్నారు, మా అమ్మ చాలాసేపు ఆయన కాలు వంకే చూసింది, మా నాన్నా ఇలాగే ఈడ్చేవాడు, కూర్చోండి అంది, చిన్నప్పుడు స్కూల్లో ద్రోహి కూతురని ఎవరూ పక్కన కూర్చునేవాళ్లు కాదట మేడం అమ్మకి, మీ మాస్టారి పుస్తకం రాకముందు అది ఊళ్లో పుకారే, పుస్తకం వచ్చాక నిజమైపోయింది, ఆయన నాలుగు ఊళ్ల వాళ్లకీ తెలిసేలా రాస్తానని మాటిచ్చారు, అప్పట్నుంచి అమ్మ రోజూ పొద్దున్నే పేపరు ముందేసుకుని కూర్చునేది, ఇవాళా కూర్చుంది, ఆయన ఫోటో చూసి, వచ్చిందే వచ్చింది అని నన్ను పిలిచి చదవమంది.

అక్కడ ఆగిపోయింది ఆ అమ్మాయి, ఆపైన చెప్పక్కర్లేదు, చదివే ఉంటుంది, తల్లి ఎదురుగా కూర్చుని వింటూ ఉంటే చివరి శ్వాస వరకూ అన్న ముక్క దాకా, మధ్యలో ఆపేసిందో, గొంతు తగ్గించి దాటేసిందో, ఆ ముసలావిడ ఏమందో, లేచి లోపలికి పోయి ఉంటుంది, చనిపోయిన మనిషి మాటిచ్చి మళ్లీ తప్పాడనుకుని ఉంటుంది, మాస్టారు రెండోసారి అబద్ధమాడాడనుకుని ఉంటుంది, ఆ అబద్ధం మాస్టారిది కాదు, నాది, అనుకుంది ఆమె, ఆయనే ఎందుకు రాయలేదు అని అడగబోయి నోరు మూసుకుంది, కుడి చెయ్యి పడిపోయింది కదా, అది కూడా మర్చిపోయిందా, అమ్మగారు ఆ అడగని ప్రశ్నకీ జవాబు చెప్పారు, నేను రాసి పెడతా చెప్పండి అన్నానమ్మా, ఒప్పుకోలేదు, ఇది నా ఒక్కడి తప్పయితే ఎవరితోనైనా రాయిస్తాను, ఫుట్‌నోటు పుస్తకం కూడా దీని మీదే నిలబడి ఉంది, అది నా నోట ముందు వినాలి, పేపర్లో చదివి తెలుసుకోకూడదు, అదే వస్తుంది, అదే రాస్తుంది అనేవారు, నీకోసమే ఆగారమ్మా, అని చేతి మీద చెయ్యి అలాగే ఉంచి, అందరికీ వినబడేలా, పాపం దీనికేం తెలుసు, తెలిస్తే రాసేదా, అన్నారు, గదిలో అందరూ తలలూపారు, చివరికి మనవరాలు కూడా, పేపరు పక్కన పెట్టి కళ్లు తుడుచుకుని, అవునండీ, మీకు తెలీదు కదా, మీరేం చేస్తారు, అంది, ఆ మాటతో ఆ అమ్మాయి మొహంలో కాస్త మెత్తదనం వచ్చింది.

తల ఊపితే చాలు, నోరు కూడా తెరవక్కర్లేదు, జూనియరు అప్పటికే ఆమె చెవి దగ్గరకి వంగి, మేడం, ఇదంతా మనసుకి తీసుకోకండి, అంత పెద్ద జబ్బు చేశాక మనిషి ఏదో అంటాడు, మెదడు దెబ్బతిన్న మాటలు పట్టుకుని పుస్తకాలు మారుస్తామా, అసలు ఆధారమేదీ, అన్నాడు గుసగుసగా, మంచివాడే, ఆమె మేలు కోరే అన్నాడు, నిజమే, ఆధారమేదీ, ఒక సాక్షి భార్య, భర్త మాట నిలబెట్టాలని చూస్తుంది, ఇంకో సాక్షి మనవరాలు, తాత పరువు కావాలి, మాస్టారు స్వయంగా రాసిన ముక్క ఒక్కటీ లేదు, క్లాసులో ఎవరైనా ఇలాంటివి పట్టుకొస్తే ఆమె చిరునవ్వు నవ్వి పక్కన పెట్టించేది, ఇంతకన్నా పనికొచ్చే సాక్షి కావాలమ్మా, ఆ మాట వల్ల తనకే నష్టం వచ్చే సాక్షి కావాలి అనేది, మాస్టారి దగ్గర నేర్చుకున్న మాటే అది, తల ఊపితే వ్యాసం నిలుస్తుంది, పుస్తకం నిలుస్తుంది, పిల్లలు రాస్తూనే ఉంటారు, ఈ ఇద్దరూ ఎవరికి చెప్పుకున్నా ముసలాయన చాదస్తం అంటారు, కొన్నాళ్లకి అదీ అనరు, ఊపబోయింది కూడా, మెడ కదిలింది, కానీ ఎదురుగా ఆ బల్ల, దాని మీద టెలిఫోను, పాతకాలపు నంబర్ల ఫోను, దాన్నుంచే చేసేవారు ఆయన, నడకకి రావే అని, వచ్చే వారం మాస్టారూ, ఈ పరీక్షలయ్యాక మాస్టారూ అనేది, ఒంటరితనం, పెద్దాళ్లు ఇంతే, ఎవరో ఒకరు పక్కన కావాలి అని భర్తతో అనేది కూడా, అంతేనా, అంతేనా చెప్పింది ఆయన, నడకకి రమ్మని ఊరికే పిలిచారా, ఆ ఫోను వచ్చిన రోజు స్టాఫు రూములో ఎవరూ లేరు, కిటికీ పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుతోంది, ఫ్యాను కూడా తిరగడం లేదు, అంత నిశ్శబ్దం, ఆయన నాలుక ఇంకా మొద్దుగానే ఉంది, అయినా చంటిపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పారు, ఫుట్‌నోటూ, టైంకీపరు నడవలేడే, మనం తప్పు రాశామే, ఒకసారి రా, ఇద్దరం కలిసి నడిచి చూద్దాం, అన్నారు, మనం అన్నారు, ఆమె చేతిలో ఎర్ర పెన్ను, ముందున్న కాగితంలో ఎవరో పిల్ల రాసిన అదే వాక్యం, ఒక్క క్షణంలో అంతా అర్థమైంది, ఎడం పేజీ, కుడి పేజీ, కాలు, మెట్టు, అన్నీ అప్పుడే కనిపించాయి, ఇందాక కొత్తగా ఏమీ కనిపించలేదు, మాస్టారూ, వినబడట్లేదు మాస్టారూ, సిగ్నల్ సరిగ్గా లేదు, మళ్లీ నేనే చేస్తాను అని పెట్టేసింది, పెట్టేసి ఆ పిల్లకి మార్కులు వేసింది, మళ్లీ చెయ్యలేదు, ఆయన చేస్తే ఎత్తలేదు, ముందే రాసిన వ్యాసం వల్ల మొహం చెల్లక వెళ్లలేదా, కాదు, అది మంచి సాకు, సాకుల్లో కల్లా మర్యాదైన సాకు, దాని వెనక ఇన్నాళ్లూ హాయిగా దాక్కుంది, నిన్న డెడ్‌లైన్ ఏమైనా కలుపుతావా అంటే వద్దంది ఊరికే కాదు, తప్పయిందని చెప్పుకునే మాస్టారు బతికుండటం కన్నా ఏ తప్పూ చెయ్యని మాస్టారు పోవడమే తనకి కావలసింది, ఆయన బతికి బట్టకట్టినా వ్యాసంలో ఉన్న మనిషినే పట్టుకుని వేలాడింది, బతికున్నవాణ్ని కాలవ గట్టు మీద ఒంటరిగా వదిలేసింది, ఆయన్ని అంతగా ప్రేమించాననుకున్నది ఆ నిలబడిన మాటనే గానీ నడవలేక కూర్చున్న మనిషిని కాదు, ఇప్పుడు మిగిలిన సాక్షి తనొక్కతే, చెబితే తనకే నష్టం వచ్చే సాక్షి, అమ్మగారి చేతి కింద నుంచి మెల్లగా చెయ్యి తీసుకుని, ఆ చెయ్యి అక్కడ ఉండగా చెప్పడం ఇంకో మోసం అనిపించి, ప్లాస్టిక్ కుర్చీ వైపు తిరిగి, నాకు తెలుసండీ, అంది, మాస్టారు నాకు ఫోన్లో చెప్పారు, మీ తాతగారు వెళ్లి ఉండలేరని స్పష్టంగా చెప్పారు, నాకు స్పష్టంగా వినబడింది.